ఎనిమిదో కారణం

ప్రజా అర్జీల శాఖ కార్యదర్శి గారి దివ్యసముఖమునకు (ఈ 'దివ్యసముఖము' రాజుగారి కాలం నాటిది, చేతి అలవాటుకొద్దీ పడిపోయింది, కొట్టివేసినట్లు భావించవలెను),

అదే శాఖలో, తమరి గదికి సరిగ్గా కింది గదిలో పనిచేయు అర్జీల గుమాస్తా పెట్టుకొను అర్జీ.

విషయం: విప్లవ వీరుల పట్టిక నుంచి నన్ను తొలగించి విప్లవ కారణాల పట్టికలో చేర్చుట గురించి, మరియు గత ఆదివారం ప్రజా విహార కొలనులో పడవలు బురదలో దిగబడుట గురించి సంజాయిషీ.

అయ్యా,

రెండు విషయములకు రెండు అర్జీలు పెట్టవలెనని నిబంధన. ఆ నిబంధన రాసినది నేనే. అయినను ఈ రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నందున విడదీయుట నా వల్ల కాలేదు. ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నేను ఈ కుర్చీలో కూర్చుని ముప్పై ఒక్క సంవత్సరములు. మొదటి ఇరవై ఒక్కటీ రాజుగారి కింద, తరువాతి పదీ ప్రజల కింద. కుర్చీ మారలేదు. ఆఫీసులో నన్ను 'గోడ' అని పిలుస్తారు. నాతో చెప్పుకున్నా, గోడతో చెప్పుకున్నా ఒకటేనని దాని భావం. ఇంట్లో నా భార్య సైతం ఈ మాటను అప్పుడప్పుడు వాడుచున్నట్లు తెలియవచ్చినది.

2. నేను పుట్టు గోడను కాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, దారి బాగుచేయించమని బండ్లవాళ్ళు ఇచ్చిన అర్జీని పరుగున తీసుకువెళ్ళి మంత్రిగారికి అందించాను. ఆయన దానిని చదవలేదు, నన్ను చదివారు. "రాజుగారు భోంచేసి కాస్త నడుం వాల్చే వేళ ఇది చూపించమంటావా? ఆయన మనసు పాడైతే పూచీ నీదా?" అన్నారు. ఆఫీసు మూసేదాకా వరండాలో నిలబెట్టారు. వచ్చేపోయే వాళ్ళందరూ నన్ను చూసి, చూడనట్టు వెళ్ళారు.

మరునాడు ఒక రబ్బరు ముద్ర చేయించుకున్నాను. 'పరిశీలనలో ఉన్నది'. ఎవరి పరిశీలనలో అని ఇరవై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు. అర్జీని రిజిస్టరులో ఎక్కిస్తే పైకి పంపాలి, పంపితే తిట్లు తినాలి. కనుక ఎక్కించలేదు. ముద్ర వేయడం, వెనక గదిలో పెట్టడం. గది నిండిపోయి కిటికీ కూడా మూసుకుపోయింది. సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆ గుట్టలు చూస్తే నాకు గర్వంగా ఉండేది. ఎంత పని చేశానో కంటికి కనబడేది మరి.

3. రంగులవాళ్ళ వీధి సంగతి. గుడ్డలకు నీలిరంగు వేసే నలభై ఇళ్ళవారు ఊరి కాలువ నీళ్ళ మీద బతికేవారు. రంగు వేసిన గుడ్డను పారే నీళ్ళలో జాడించకపోతే రంగు నిలవదు, మచ్చలు పడతాయి. రాజుగారికి పడవ షికారు మీద మనసు పోయింది. తోటలో కొలను తవ్వించి, కాలువ తూము మూయించి, ఆ నీళ్ళు కొలనుకు మళ్ళించారు. వీధిలో మిగిలింది మోకాలి లోతు మురుగు. వాళ్ళు అర్జీ పెట్టారు. ముద్ర వేశాను. నాలుగేళ్ళలో పదకొండు పెట్టారు, పదకొండు ముద్రలు వేశాను. చివరిదానిలో "అయ్యా, ఇది మీకు అందితే అందిందని ఒక్క ముక్క చెప్పండి, నీళ్ళ సంగతి తర్వాత" అని ఉంది. చదివాను. చదవలేదని చెప్పను.

4. ఆపైన వాళ్ళు వచ్చారు. రెండు వందలమంది ఉంటారేమో. ఈనాడు బడిపిల్లలు వల్లించే 'రాచరికం నశించాలి' అన్న నినాదం ఆ ఉదయం నేను వినలేదు. నా కిటికీ కింద వినిపించింది ఒకటే మాట. "అందిందా?" రెండు వందల గొంతులు ఒకే మాట అడుగుతుంటే అద్దాలు అదిరాయి. నేను బీరువా పక్కన నిలబడి, ఎవరైనా వెళ్ళి జవాబు చెబితే బాగుండునని అనుకున్నాను. జవాబు చెప్పవలసినవాణ్ణి ఆ భవనం మొత్తంలో నేనొక్కణ్ణే.

కాపలా దళపతి కిటికీ దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, చెమటలు పోసి ఉన్నాడు. "ఏమయ్యా, వీళ్ళు పదకొండు అర్జీలిచ్చామంటున్నారు. నిజమేనా?"

"రికార్డు ప్రకారం రాలేదండీ" అన్నాను.

అది అబద్ధం కాదు, రికార్డులో లేవు. ఎక్కిస్తే కదా ఉండడానికి. ఆయన వెళ్ళి, మీరు అబద్ధాలాడుతున్నారని వాళ్ళతో అన్నాడు. ముందున్న మనిషి ఒకడు జేబులోంచి కాగితం తీసి ఇదుగో నకలు అంటూ రెండడుగులు ముందుకు వేశాడు. దళపతి భయపడి కాల్చమన్నాడు. ఆరుగురు పోయారు. అందరికంటే ముందు పోయింది ఆ కాగితం తీసిన మనిషి.

మిగిలింది తమకు తెలిసినదే. మరునాటికి ఊళ్ళో కొట్లు మూతపడ్డాయి, మూడోనాటికి సిపాయిల ఇళ్ళలోనే పొయ్యి వెలిగించబోమని ఆడవాళ్ళు కూర్చున్నారు, తొమ్మిదోనాడు రాజుగారు వెనక దారిన వెళ్ళిపోయారు. బండెక్కుతూ "ఇంతకీ వీళ్ళకేం కావాలట?" అని అడిగారని విన్నాను. నటన కాదు, ఆయనకు నిజంగా తెలియదు. తెలియవలసిన దారికి అడ్డంగా నేను కూర్చున్నాను.

5. జనం కోటలోకి వచ్చినప్పుడు నేను వెనక గదిలో, అర్జీల గుట్టల మధ్య దాక్కుని ఉన్నాను. తలుపు పగిలింది. నా పని అయిపోయిందనుకున్నాను. వాళ్ళ నాయకుడు గుట్టలవైపు చూశాడు, నావైపు చూశాడు, వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. "రాజు తగలబెట్టకుండా ప్రజల గొంతును ప్రాణాలకు తెగించి కాపాడాడు, చూడండి" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. దాన్ని కూడా ఆనందబాష్పాలని రాసుకున్నారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. ఈ కాగితాల మధ్య దారి తెలిసినవాణ్ణి నేనే గనుక అదే కుర్చీలో ఉండమన్నారు. ఉన్నాను.

6. విప్లవం వచ్చి పదేళ్ళయిన సందర్భంగా ప్రభుత్వం అచ్చు వేయిస్తున్న చరిత్ర గ్రంథంలో విప్లవానికి ఏడు కారణాలు ఇచ్చారు. పన్నులు, కరువు, సేనలో అసంతృప్తి వగైరా. అన్నీ పెద్దవాళ్ళ కారణాలు. నేను వీరుల అధ్యాయంలో ఉన్నాను, నిలువెత్తు బొమ్మతో సహా. గ్రంథంలో తమవారి గురించి రాసినదానికి మృతుల కుటుంబాల చేత సంతకాలు చేయించే పని నాకే అప్పగించడం వల్ల, కిందటి నెల మొదటిసారి రంగులవాళ్ళ వీధికి వెళ్ళాను.

ఆనాడు కాగితం తీసిన మనిషి భార్య రంగు తొట్టి దగ్గర ఉంది. మోచేతుల దాకా నీలం. "వేలిముద్ర వేస్తాను గానీ బాబూ, ముందు ఏం రాశారో చదవండి" అంది.

చదివాను: "అర్జీలతో విసిగి వేసారి, వాటిని విసర్జించి, రాజద్వారంపై దండెత్తిన వీరుడు."

"ఎవరు?"

"మీ ఆయనేనమ్మా."

"మా ఆయన దండెత్తడమేంటి బాబూ? అడగడానికి వెళ్ళాడు. ఆ పూట ఉతికిన చొక్కా తీసి వేసుకున్నాడు. కొట్లాటకెళ్ళేవాడు చొక్కా మార్చుకుంటాడా?" రంగు కలుపుతున్న కర్ర పక్కన పెట్టి నావైపు తిరిగింది. "మీరు ఆ ఆఫీసులోనే కదా ఉంటారు, ఒక్కటి చెప్పండి. అసలు మా అర్జీ అందిందా?"

ఈ ప్రశ్నకు ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. మళ్ళీ అదే చెప్పడానికి నాలుక సిద్ధంగానే ఉంది, దానికి బాగా అలవాటు. ఎలా మాట మారిందో తెలియదు.

"అందిందమ్మా. పదకొండూ అందాయి. తీసుకున్నది నేనే, దాచింది నేనే. రాలేదని చెప్పింది కూడా నేనే."

ఆమె తిట్టలేదు. తొట్టి అంచు మీద కూర్చుంది. "అయితే ఆయన అబద్ధమాడలేదు" అంది.

"లేదమ్మా."

"పదేళ్ళుగా మా అత్త ఇదే అడుగుతోంది. నా కొడుకు అర్జీ ఇచ్చాడా, ఇవ్వకుండానే గొడవకెళ్ళాడా అని. ఉండండి." లోపలికి వెళ్ళింది. ముసలి గొంతు "ఎవరు చెప్పారే?" అని అడగడం వినిపించింది. "గుమాస్తా." "ఏ గుమాస్తా?" "ఆ గుమాస్తానే." నేను అక్కడే నిలబడ్డాను. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, అంటే బాగుండునని అనిపించింది.

ఆమె తిరిగి వచ్చి, "మరి ఈ ప్రభుత్వం వచ్చాక పెట్టిన ఏడూ?" అంది.

అయ్యా, అవి కూడా నా దగ్గరే ఉన్నాయి. తూము ఇంకా మూసే ఉంది. రాజుగారి కొలను ప్రజా విహార కొలను అయింది గానీ నీళ్ళు కాలువకు తిరిగి రాలేదు. వీధిలో మురుగు అలాగే ఉంది. నలభై ఇళ్ళలో పదమూడే మిగిలాయి. ఏడు ముద్రలూ నావే.

7. ఈసారి ఎక్కించాను. ఏడూ రిజిస్టరులో ఎక్కించి సహాయ కార్యదర్శి గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన మర్యాదస్తులు, కూర్చోమన్నారు. "ఉత్సవాలు కానీయవయ్యా. ఆ కొలను ఇప్పుడు ప్రజలది. ప్రజల కొలను తీసి ప్రజలకెలా ఇస్తాం?" అన్నారు. ఏడూ మళ్ళీ చంకన పెట్టుకుని కిందికి దిగి వచ్చాను.

గత ఆదివారం అన్నం తింటూ నా భార్యకు మొత్తం చెప్పాను, ఆరుగురి సంగతితో సహా. ఆమె వడ్డించడం ఆపి కూర్చుంది. "ఆ ప్రశంసాపత్రం వంటింట్లో చెమ్మ కనబడకుండా తగిలించాను. తీసేస్తే గోడ కనబడుతుంది" అంది.

"కనబడనీ" అన్నాను.

"అయితే చెయ్యి కడుక్కుని ఆ తూము సంగతి చూసి రండి. పెరుగన్నం వచ్చాక తినొచ్చు."

రంగులవాళ్ళావిడను వెంటబెట్టుకుని తూము దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక బోర్డు. 'తూము ముట్టరాదు. ప్రజాజ్ఞ.' దగ్గరికి వెళ్ళి చూస్తే 'ప్ర' ఒక్కటే కొత్త రంగు. కింద 'రా' కనబడుతూనే ఉంది. పదేళ్ళలో మార్చింది ఆ ఒక్క అక్షరం.

తోట కాపలాదారు "కాగితం ఉందా?" అన్నాడు. ఉన్నాయన్నాను, పద్దెనిమిది. అతను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "అమ్మో, ఇన్ని ముద్రలా. ఇంక నేనెవర్ని ఆపడానికి" అని తానే నూనె తెచ్చి చక్రానికి పోశాడు. నా ముద్ర వల్ల ఒక పని జరగడం ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదలు.

సగం చుట్టు తిప్పి ఆపుదామనే నా ఉద్దేశం. తుప్పు విడిచిన చక్రం దానంతట అదే తిరిగింది, తరువాత ఇటు రాలేదు, కొలను నీళ్ళన్నీ కాలువలోకి పోయాయి. కొలనులో పడవలున్నాయని నాకు తెలియదు. మొదటి పడవలో గ్రంథ సంఘం అధ్యక్షులవారు, రెండో దానిలో సకుటుంబంగా తమరు ఉన్నారని అసలే తెలియదు. తమరు రుమాలు ఊపి పిలిచినది చూశాను. రాకపోవడం అవిధేయత వల్ల కాదు, చక్రాన్ని పట్టుకుని వేలాడుతున్నందువల్ల. తమరిని బురదలోంచి భుజాల మీద ఒడ్డుకు చేర్చినది ఆ వీధివారే. తమరెవరో వాళ్ళకు తెలియదు. తెలిసినా మోసేవారేనని ఆవిడ అంటోంది, నాకు అంత నమ్మకం లేదు.

కావున తమరు దయచేసి,

(అ) నన్ను వీరుల అధ్యాయం నుంచి బొమ్మతో సహా తొలగించి, ఎనిమిదో కారణంగా చేర్చవలెను. చిన్న అక్షరాలైనా ఫరవాలేదు.

(ఆ) ఆ ఆరుగురూ దండెత్తలేదనీ, అందిందా అని అడగడానికి వచ్చారనీ, అర్జీలు నిజంగానే అందాయనీ అచ్చు వేయించవలెను. ఆ ముసలామె ఉండగా అయితే మేలు.

(ఇ) తూము మూయించరాదు. మూయాలన్నా ఆ చక్రంతో కాదు, కమ్మరి చూసి చెప్పాడు.

(ఈ) నాకు ఏ శిక్ష విధించినా సమ్మతమే. అయితే ఈ కుర్చీలో నా తరువాత కూర్చునేవాడు నా అంత వినయవంతుడు కాకుండా చూడవలెనని ప్రత్యేక మనవి.

తమ చిత్తమునకు వచ్చినా రాకపోయినా, ఒక్కసారి చివరిదాకా చదవవలెను.

ఇట్లు,
తమకూ, తమకు ముందున్నవారికీ ఒకే తీరున విధేయుడు,
అర్జీల గుమాస్తా

జతపరచినవి: పాత అర్జీలు పదకొండు, కొత్తవి ఏడు, తమరి ఎడమకాలి చెప్పు ఒకటి (కడిగినది).

తా.క. కాగితం మీది నీలి మరకలకు క్షమించవలెను. శుభ్రంగా మరో ప్రతి రాశాను, అదీ ఇలాగే అయింది. కాలువ నిండిన సాయంత్రం వీధివాళ్ళందరూ ఒక్కసారిగా గుడ్డలు జాడించడానికి దిగారు. చేతులు చాలక ఆవిడ తడిగుడ్డ కొస ఒకటి నా చేతిలో పెట్టింది. పిండమంటే నాకు తెలిసినట్టు పిండాను. ఆమె తిప్పే వైపుకే నేనూ తిప్పాను, చుక్క రాలలేదు. "అటు కాదయ్యా, నాకు ఎదురు తిప్పాలి. ఇద్దరం ఒకే వైపు తిప్పితే నీళ్ళెలా దిగుతాయి?" అంది. రెండు మూడు సార్లు తప్పు తిప్పాను. తరువాత వచ్చింది. ఈ రంగు ఎన్ని రోజులుంటుందని అడిగితే, రోజూ వస్తే పోదు అని చెప్పింది.