వెన్నెల ఒప్పుకున్న చావు

మార్కాపురం, ఆదివారం రాత్రి.

ఫోన్‌లో ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా రాస్తూ మేం ఆడే దయ్యాల ఆటలో ఈ వారం కథ నడిపేది నేను. ఎవరి పాత్రనైనా చంపాలంటే ఆ పాత్ర ఆడేవాళ్లు ఒప్పుకోవాలన్నది నియమం. వెన్నెల తన యక్షిణికి చిన్న గాయమైనా నాతో గొడవకు దిగేది. అందుకే యక్షిణిని చంపనా అని భయపడుతూ అడిగాను.

"చంపెయ్ అక్కా, ఎట్లన్నా చంపు. నేనింక రానులే," అని రాసింది.

"ఏందే, ఏమైంది?" అన్నాను. మళ్లీ అడిగాను.

గ్రూపులో మిగతావాళ్లు తొందరపెట్టారు. "ఒప్పుకునిందిగా అక్కా, ఇంకా ఏంది నీ నాన్చుడు? ఏసెయ్!"

కథ ఆపేశాను. రానన్నది ఒక్క ఆటకేనా? పొద్దున్నే బస్సెక్కి పోదామంటే, తనది గిద్దలూరని తప్ప ఏమీ తెలియదు. అసలు పేర్లు, నంబర్లు, ఇళ్లు అడగకూడదన్నది కూడా మా నియమమే. వెన్నెల అన్నది ఆటలో పేరు. గిద్దలూరులో దిగి, ఎవరి ఇల్లని అడగాలి...