పక్కవాడి భుజాలు చూసి చెప్పిన జోస్యం

నెబ్రాస్కా రాష్ట్రం, కస్టర్ కౌంటీలో కాపురముంటున్న డెల్మర్ హాస్కిన్స్ అనే నేను, అరవై ఆరేళ్ల వయసులో, గుండె బలహీనపడినా బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయించిన మరణశాసనం ఇది. నా మతి సరిగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. నా గురించి ఇతరులు రాసిన కాగితాల్లో నిజమైనది అదొక్కటే.

1. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. నా ఒక్కగానొక్క కూతురు గ్వెన్ దీనిని అమలు జరపవలెను.

2. అటక మీది బేస్‌బాల్ వార్షిక పత్రికలన్నీ పొరుగింటి మార్గో టీల్‌కు చెందవలెను. ఆమె వాటిని కోళ్ల గూట్లో పరుచుకోవచ్చును. రేపటి మొనగాళ్లు అంటూ మీసం రాని పిల్లలను వరసపెట్టి అంకెలు వేసే పత్రికలవి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెద్ద క్లబ్బులో ఒక్క ఆటైనా ఆడనివాడికి ముందే పట్టాభిషేకం చేస్తారు. బంతి విసిరేవాడిగా నా పేరు వాటిలో మొదటి స్థానంలో ఉన్న ఏడాది, రెండో స్థానంవాడు ఇప్పుడు పొలాలకు నీటి గొట్టాలు అమ్ముతున్నాడు. మూడోవాడు చర్చిలో బోధకుడయ్యాడు. ముఖంలో కళ లేదని అట్టడుగున పడేసినవాడు మాత్రం జుట్టు నెరిసేదాకా పెద్ద క్లబ్బుల్లో ఆడాడు. పశువుల సంతలో కూడా పళ్లు చూస్తారు గాని కళ చూడరు. మేం చెప్పింది తప్పయింది అని ఆ పత్రిక ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. కొత్త ఏడు, కొత్త జాబితా. ప్రతి చలికాలమూ వాటిని దించి చదివాను, చదివినప్పుడల్లా రోత పుట్టింది.

3. క్లబ్బుల తరఫున ఊళ్లు తిరిగి కుర్రాళ్లను ఏరే ర్యాండల్ ఫిస్క్ అనే స్కౌటు ఇంకా బతికి ఉంటే, అతనికి మా నాన్న ఫొటో ఒకటి పంపవలెను. ఎందుకో రాస్తున్నాను. ఆ వృత్తిలో ఒక ఆచారం ఉంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఒళ్లు ఇంకా ఎంత ఎదుగుతుందో తేల్చడానికి, ఆట చూడవచ్చిన తల్లిదండ్రుల ఎముకలు చూస్తారు. నా పద్దెనిమిదో ఏట ఫిస్క్ నా ఆట చూడవచ్చిన ఏప్రిల్ రోజున, చలిగాలికి మా అమ్మ వణుకుతుంటే, పక్కన కూర్చున్న ఓటిస్ ప్రూయిట్ తన గళ్ల దుప్పటి సగం ఆమెకు కప్పాడు. ఓటిస్ ధాన్యం గిడ్డంగి యజమాని, దున్నపోతంత మనిషి. ఫిస్క్ చూశాడు, మురిసిపోయాడు, తండ్రి కొండలా ఉన్నాడు గనక కుర్రాడు ఇంకా ఎదుగుతాడని రాసుకుపోయాడు. మా నాన్న ఆ వేళ దుకాణంలో కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తున్నాడు. లేచి నిలబడితే ఓటిస్ చంక దాకా వచ్చేవాడు. ఈయన మీ ఆయనేనా అమ్మా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, పత్రిక ఆ రాత పట్టుకుని నన్ను దేశంలోకెల్లా మొదటివాణ్ని చేసింది.

4. నేను ఎదగడం కోసం, నన్ను చేర్చుకున్న క్లబ్బువాళ్లు కాచుకు కూర్చున్నారు. పూటపూటా గొడ్డుమాంసం పెట్టారు, చెంబులకొద్దీ పాలు తాగించారు, రాని ఒంటికి తగిన వేగంతో బంతి విసిరించారు. ఎదగకపోతే బద్ధకమన్నారు. ఇరవై ఒకటో ఏట మోచేయి పుటుక్కుమంది. తరువాతి సంచికలో నా పేరు లేదు, ఎందుకు లేదన్న సంగతీ లేదు. చొక్కా గుండీ పెట్టుకోలేని ఆ రోజుల్లో లోరీన్ నన్ను పెళ్లాడింది. మొదటి స్థానంవాణ్ని కొట్టేశావే అని ఎవరో వెక్కిరిస్తే, "వాడెవడో నాకు తెలీదు. నేను చేసుకున్నది నాచేత గుండీలు పెట్టించుకునేవాణ్ని" అంది. పోయిన నా లోరీన్ ఉంగరం, ఊలు కోటు, వంటింటి రేడియో గ్వెన్‌కు చెందవలెను. ఆ రేడియో నెత్తి మీద ఒక మొట్టికాయ వేస్తేగాని పలకదు.

5. అల్లుడు కర్ట్‌కు నా మోచేతినే ఇచ్చి ఉందును, చట్టం ఒప్పుకోదట. బదులుగా దాని ఎక్స్‌రేలు ఇస్తున్నాను. కర్ట్ చెడ్డవాడు కాదు, ఆశపోతు. పదహారేళ్ల నా మనవడు ఎమెట్ ఎడమచేత్తో చక్కగా విసురుతాడు. రుసుము కట్టించుకుని పిల్లల వేగం కొలిచి దేశమంతటికీ ర్యాంకులు వేసే పోటీలకు కర్ట్ వాడిని తిప్పుతున్నాడు. మొన్న ఎమెట్ మోచేతికి ఐసు కట్టుకుని కూర్చుంటే, ఈ చలికాలం ఆపరా నాయనా అన్నాను. "ఇప్పుడు ఆపితే ర్యాంకు పడిపోద్ది మామయ్యగారూ, మీకు తెలీందేముంది" అన్నాడు కర్ట్. నాకు తెలిసినంత ఎవడికీ తెలియదు.

6. వాగు పక్క పచ్చికబీడు, ఇల్లు, పశువులు ఎమెట్‌కు చెందవలెను. అయితే ఇరవై ఒకటో ఏడు నిండేదాకా అతడు ర్యాంకుల పోటీల్లో బంతి విసరరాదు. విసిరినచో ఆస్తి చర్చికి పోవును. ఏలయనగా, ఇదే తీరున సాగినచో అతడు చేయి పోగొట్టుకొనును, చదువు మానును, ముప్పై ఏళ్లకే తాగుబోతగును.

7. పై నిబంధనను వకీలు ఈ ఉదయం సంతకానికి ముందు నాకు చదివి వినిపించింది. పోగొట్టుకొనును, మానును, తాగుబోతగును. అది అచ్చం ఆ పత్రిక గొంతు, మాటలు మాత్రం నావి. ఆ రోత ఈసారి నా మీదే పుట్టింది. నన్ను కారులో తీసుకొచ్చిన ఎమెట్ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిపించి, నీకేం కావాలిరా అని అడిగాను. ఇంతవరకు నేనూ అడగలేదు.

"విసరడం ఇష్టమే తాతా. ఆ వేగం కొలిచే మిషన్ ముందు నిలబెడితేనే భయమేస్తది. చెయ్యి నొప్పి తగ్గలేదు, తగ్గిందని అబద్ధం చెప్పాను. నాన్నకి నేనే చెప్తా, నువ్వు చెప్పకు" అన్నాడు.

కనుక, వకీలు వద్దని తల ఊపుతున్నా, ఆరో నిబంధనలో ‘అయితే’ మొదలు చివరిదాకా నా చేత్తో కొట్టివేశాను. వాడు తండ్రితో చెబుతాడో, గుమ్మం దాకా వెళ్లి జంకుతాడో, ఆ చేయి నిలుస్తుందో లేదో నాకు తెలియదు. చెప్పినా చెప్పకపోయినా, విసిరినా మానినా, ఆ నేల వాడిది.

ఇది చదివి, విని, సమ్మతించి చేసిన సంతకం.

బ్రోకెన్ బౌ, 2024 అక్టోబరు 17

(సంతకం) డెల్మర్ హాస్కిన్స్

సాక్షులు:
బెర్నీస్ క్లెమ్, వకీలు గారి టైపిస్టు
వర్నన్ పోస్ట్, మంగలి దుకాణం