డియర్ పిల్లి

2005 మే 9
నెట్‌లో పెట్టిన మా జాకెట్ల దుకాణానికి ఈరోజు రెండు ఆర్డర్లు. బెజవాడలో షాపుకొచ్చేవాళ్లు ఆది జాకెట్టు తెచ్చి ముందు పడేస్తారు. వీళ్లు మెడ, చెయ్యి, నడుము అన్నీ గడుల్లో నింపి పంపుతారు, గుడ్డ కొరియర్లో వస్తుంది. మనిషిని చూడకుండా కత్తెర పెట్టడం... మొదట్లో భయమేసేది. ఇప్పుడు సరదాగా ఉంది.

మే 10
కరెంటు లేదు. నిద్రపోయాను.

మే 11
బందరు నాగమణి పెళ్లి జాకెట్లు మొదలు. వీపు మీద నెమలి కావాలట, మరీ పెద్దది వద్దట. ఎంత ముచ్చటగా రాస్తుందో ఈ పిల్ల.

మే 12
ఈయన కొత్త ప్రోగ్రాం పెట్టారు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరికి ఏ మెడ ఇష్టమో అదే గుర్తుపెట్టుకుంటుందట. పేరుపేరునా ఇంగ్లీషులో మెయిళ్లూ అదే పంపుతుందట. నాకు పని తగ్గింది. కాఫీ పెట్టుకుని కూర్చున్నాను.

మే 13
కొంప మునిగింది. నాగమణి ఫోను. వాళ్ల ఇంటిపేరు పిల్లి. మనందరిలాగే ఇంటిపేరు ముందు రాసింది. ప్రోగ్రాం మొదటి మాటే పేరనుకుని "డియర్ పిల్లి" అని మెయిలు కొట్టింది. నెట్ సెంటర్లో పక్కనే కాబోయే మొగుడు... పగలబడి నవ్వాడట.
"బళ్లో అందరూ మ్యావ్ మ్యావ్ అనేవాళ్లండి. పెళ్లయితే వదిలిపోతుందనుకుంటుంటే, మీరు కూడానా?"
గుడ్డలు తిప్పి పంపెయ్యమని పెట్టేసింది.
కంప్యూటరుకి ఇంటిపేరంటే ఏం తెలుసు అంటారీయన. మీకు తెలుసుగా మరి!

మే 14
గుడ్డలు మడతపెట్టాను. మళ్లీ విప్పాను. నెమలి సగం అయింది. పెళ్లి దగ్గర పడింది, ఇప్పుడు ఇంకెవరు కుడతారు దానికి? ఏడుపొచ్చింది నిజంగా.

మే 15
నేనే ఫోన్ చేశాను. తప్పయిందన్నాను. గుడ్డలు ఎప్పుడు పంపుతారంది. ఇక చెప్పేశాను, నా పుట్టింటి పేరు కాకి అని. బళ్లో నాకూ కావ్ కావ్. అటు కిసుక్కుమంది. పెళ్లయ్యాక హాయిగా ఉందా అండీ అనడిగింది. ఉందన్నాను. నోరూరుకోలేదు—
"కాకోళ్ల పిల్లా అని పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరమ్మా. ఒక్కోసారి ఎవరైనా పిలిస్తే బాగుండు అనిపిస్తుంది."
ఆఖరికి, నెమలి పూర్తి చెయ్యండి అంది.

మే 18
ఈయన ఇంటిపేరుకి వేరే గడి పెట్టారు. ఖాళీగా వదిలితే ఆర్డరు పోదు. పోనీలే, బుద్ధొచ్చింది.

మే 24
జాకెట్లు అందాయట. అతికినట్టు సరిపోయాయట. రాత్రి ఇద్దరం ఐస్‌క్రీం తిన్నాం.

జూన్ 20
నాగమణి మళ్లీ ఆర్డరు! పెళ్లయ్యాక మొదటిది. కొలతలన్నీ అవే, చెయ్యి మాత్రం కాస్త వదులు. ఇంటిపేరు గడిలో ఒక్క చుక్క పెట్టింది. కింద రాసింది— అక్కా, ఇక్కడ పుట్టింటిది రాయాలన్నా, అత్తింటిది రాయాలన్నా ఇంకా చేతులు రావట్లేదు, మీరే ఏదో ఒకటి రాసెయ్యండి.
"డియర్ చుక్క" అని పోతుందేమోనని ఈయన ఒకటే నవ్వు.
కీబోర్డు ముందు కూర్చున్నాను. ఏది రాయను...