తగ్గిందన్న సాక్ష్యం

మేడ్చల్,
21 జనవరి 1946

బోర్డింగు బడిలో ఏడేళ్లు ఒకే చాప మీద పడుకుని నా కాలి తన్నులు ఓర్చుకున్న ఎలీషమ్మకు,

నీ ఉత్తరం అందింది. నా స్వస్థత సంగతి మెదక్ దాకా వచ్చిందనీ, నేను మాత్రం నీకొక్క ముక్క రాయలేదనీ నిష్ఠూరమాడావు. రాయకపోవడానికి కారణం ఉంది. అందరికీ చెప్పిన అబద్ధాన్ని నీకు కూడా చెప్పడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు నిజం రాస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి.

నాకు తగ్గలేదు. తగ్గే జబ్బు కాదు.

నవంబరులో బడి పుస్తకాల కోసం సికింద్రాబాదు వెళ్లినప్పుడు అక్కడ ఒక డాక్టరమ్మకు ఎడమ రొమ్ము చూపించుకున్నాను. గడ్డ కనిపించి అప్పటికే ఏడాది దాటింది. చూపించుకోవాలంటే సిగ్గు, ఏమంటారోనని భయం, ఈ రెంటి మధ్యా ఏడాది గడిపేశాను. ఆమె చంకలో వేళ్లు పెట్టి చూసింది. వెన్ను మీద తట్టుకుంటూ వచ్చి నేను అబ్బా అన్నచోట ఆగింది. రాచపుండు అంది, కోసే దశ దాటిపోయిందంది. ఎన్నాళ్లు అని అడిగితే వచ్చే చలికాలం సంగతి తను చెప్పలేనంది. నాకు నలభై ఒకటి నిండలేదే. రైల్లో మేడ్చల్ దాకా కూర్చుని వచ్చాను, పక్కనున్నామె వేయించిన శనగలు పెడితే తిన్నాను కూడా. ఇంటికొచ్చి మా ఆయనతో మామూలు గడ్డేనని, మందిచ్చారని చెప్పాను. ఒక రోజు గడిచాక అసలు సంగతి చెబుదామనుకున్నాను.

ఆ ఒక్క రోజు ఆయన నాకు దొరకనివ్వలేదు. ఉపదేశిగా ఈ సంఘాన్ని చూసుకునే మా ఆయన ప్రభుదాసు ఎలాంటివాడో నీకు తెలుసు. ఎవరికి తలనొప్పి వచ్చినా తనకే వచ్చినట్టు మోకాళ్ల మీద పడతాడు. నాకోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించాడు. ముప్పై మంది నా కోసం అన్నం మానేశారు, వాళ్లలో చంటిపిల్లల తల్లులు కూడా ఉన్నారు. ఆ మూడు రోజుల్లోనే డాక్టరమ్మ మాత్రలు పనిచేసి నొప్పి అణిగింది. ఆదివారం ఆరాధనలో మా ఆయన నన్ను లేపి, "కృపమ్మా, ఎట్లున్నది? అందరికీ చెప్పు" అన్నాడు. పస్తులతో పీక్కుపోయిన ముఖాలన్నీ నావైపే ఉన్నాయి. తగ్గిందన్నాను. ముందు వరసలోంచి బుచ్చవ్వ, "గడ్డ గూడ కరిగిందా బిడ్డా?" అని అడిగింది. కరిగిందవ్వా అన్నాను. మా ఆయన అక్కడే ఏడ్చేశాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పటినుంచి నేను బాగున్న మనిషిని. నల్లబల్ల మీద చెయ్యెత్తి రాయాలి. బావినుంచి బిందె మోయాలి. మోయకపోతే, బాగయినామెకు ఏమొచ్చిందని చూస్తారు. గడ్డ చిట్లింది. తెల్లవారకముందే లేచి గుడ్డలు ఉతుక్కుని వంటింట్లోనే ఆరేసుకుంటాను. దగ్గు పట్టిందని చెప్పి చాప కూడా అక్కడికే మార్చాను. ఇది చాలదన్నట్టు మా ఆయన బండి కట్టించి నన్ను ఊరూరా తిప్పుతున్నాడు. శామీర్‌పేటలో నా సాక్ష్యం విని పన్నెండు ఇళ్లవాళ్లు ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుంటామన్నారు. వాళ్ల ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంటారు. పట్టుకునేది ఎడమ చెయ్యే, ప్రాణం పోతుంది, నవ్వుతాను.

దేవుడి మీద కోపం లేదా అని అడుగుతావు. ఉంది. కోపంగా ప్రార్థన చేసుకుందామన్నా పైకి అనే వీలు లేదు, పక్కగదిలో ఆయన వింటాడు. అందుకే నీకు రాస్తున్నాను.

బాగున్నట్టు నటించడంలో ఊరికంతా మొదటిదాన్నయిన,
నీ కృప


మేడ్చల్,
6 మార్చి 1946

ఎలీషమ్మా, నా తల్లీ,

మీ ఆయనకు చెప్పెయ్యమని నువ్వు రాసిన జవాబు చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మెదక్‌లో కూర్చుని ఏమైనా రాయొచ్చు అనుకున్నాను. నువ్వన్నదే చేయాల్సి వచ్చింది. చేసినా ఇందులోంచి బయటపడలేదు.

శామీర్‌పేటలో గంగమ్మ అనే పిల్ల ఉంది. ఇరవై ఆరేళ్లుంటాయి, ఇద్దరు బిడ్డలు, భర్త ఎల్లయ్యతో పాటు మట్టి పనికి పోతుంది. బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లలో ఆమె ముందుంది. పోయిన వారం ప్రార్థన కూటం అయ్యాక నన్ను పక్కకు పిలిచి రొమ్ము చూపించింది. రేగుపండంత గడ్డ. మిషను నర్సు చూసి, ఇంకా చిన్నగానే ఉంది, జల్దీ పోయి కోయించుకొమ్మని చెప్పిందట. మరి ఎప్పుడు పోతున్నావని అడిగాను.

"నేనెందుకు పోత? నీకు కొయ్యకుంటనే కరగలేదా పంతులమ్మా? నాకు గూడ గట్లనే కరుగుతది" అంది. ఎంత నమ్మకంగా అందో చెప్పలేను. నన్ను ఊరడించడానికన్నట్టు వీపు కూడా నిమిరింది.

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే మా ఆయన ముందు రవిక విప్పాను. తగ్గలేదు, తగ్గిందని చెప్పింది అబద్ధం, ఇదిగో చూడు అన్నాను. చూశాడు. ఒక్క మాట అడగలేదు. బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని, వచ్చి మళ్లీ పోయి కడుక్కున్నాడు. నా బరువు సగమైనా దిగిందనుకున్నాను. తెల్లారాక ఆయన చెప్పింది విను.

"ఈస్టరు దాక ఆగు. గిప్పుడు చెప్తే పన్నెండు ఇండ్లోళ్లు మల్ల మన మొకం చూడరు."

గంగమ్మ సంగతేమిటని అడిగాను. ఆమె కోసం మళ్లీ ఉపవాసం ఉంటానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది ఎలీషమ్మా. నా గడ్డ మీద ఉపవాసం చేసిన పని కళ్లారా చూశావు కదా అన్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను. చెడ్డవాడు కాదు, నేనిచ్చిన అబద్ధం మీదే ఇల్లు కట్టుకున్నాడు, ఇప్పుడు పడగొట్టమంటే చేతులు రావడం లేదు. నేను తీసిన గోతిలో ఇద్దరం ఉన్నాం. ఈస్టరుకు ఇంకా ఆరు వారాలుంది. ఏడాది ఆలస్యం నన్ను ఏం చేసిందో నాకు తెలుసు. ఆరు వారాలు గంగమ్మను ఏం చేస్తాయో తెలియదు.

రేపు గురువారం. మళ్లీ శామీర్‌పేటకు బండి కట్టమన్నాడు, సాక్ష్యం చెప్పాలట.

దారి తోచని,
కృప


మేడ్చల్,
4 ఏప్రిల్ 1946

ప్రాణానికి ప్రాణమైన ఎలీషమ్మకు,

నెల రోజులుగా జవాబు లేదని కంగారు పడి ఉంటావు. ఈ నెలలో జరిగింది వరసగా రాస్తాను.

ఆ గురువారం కూటంలో నా వంతు రాగానే లేచాను. సాక్ష్యం చెప్పకుండా, గంగమ్మా, ఒకసారి మీ ఇంటికి పోదాం పద అన్నాను. మా ఆయన తల దించుకున్నాడు గానీ ఆపలేదు. ఆ గుడిసెలో తలుపు దగ్గరికి వేసి, కట్టు విప్పి చూపించాను. గంగమ్మ గోడ దాకా వెనక్కి పోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"నన్ను సంపుదామనుకున్నవా పంతులమ్మా?" అంది.

నేను చంపాలనుకోలేదు, మంచిదాన్ననిపించుకోవాలనుకున్నాను, రెండూ ఒకటే అయ్యాయి. నన్ను తిట్టమన్నాను. తిట్టింది కూడా, కడుపారా తిట్టింది. ఆ తర్వాత దవాఖానకు ఏ రైలు పోతుందని అడిగింది. రేపే పోదాం, నేను తీసుకుపోతానన్నాను.

బయట ఎల్లయ్య బండికి అడ్డంగా నిలబడి మా ఆయన్ని ఒకే ప్రశ్న అడిగాడు, మీకు ముందే ఎరుకనా అని. ఎరుకేనన్నాడు మా ఆయన. ఆ ఆదివారం ఆరాధనలో నేను చెప్పడానికి లేచేలోపే ఆయన లేచాడు. నా భార్యకు తగ్గలేదని చెప్పాడు. "తప్పు నాది. అందరి నడుమ నిలవెట్టి అడిగితే ఎవరైనా ఏం చెప్తరు?" అన్నాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. సగం మంది పాట పాడకుండానే వెళ్లిపోయారు. బుచ్చవ్వ నావైపు చూడకుండా కర్ర పట్టుకుని పోయింది. శామీర్‌పేటలో ఇప్పుడు నాలుగు ఇళ్లు మిగిలాయి. వాటిలో ఈస్టరుకు ఎన్ని ఉంటాయో ఆయనకూ తెలియదు. ఇంట్లో మాత్రం బిందె ఆయనే మోస్తున్నాడు. నా గుడ్డలు ఉతుకుతానంటే మొదట ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నాను. ఇంతకుమించి మాట్లాడుకోం.

సికింద్రాబాదులో గంగమ్మకు కోశారు. గడ్డ చంకలోకి దిగలేదని, బతుకుతుందని డాక్టరమ్మ చెప్పింది. రొమ్ము మొత్తం తీసేశారు. ఆరో రోజున ఒక్కదాన్నే చూడబోయాను. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందనే అనుకున్నాను. ఆ పిల్ల పాలిపోయి ఉంది గానీ కళ్లు తేటగా ఉన్నాయి. ఎల్లయ్య జావ తెస్తున్నాడనీ, బిడ్డలు వాళ్ల అమ్మమ్మ దగ్గరున్నారనీ చెప్పింది. తర్వాత పక్కనున్న మంచం చూపించింది.

"గిది నిన్ననే ఖాళీ అయింది. నిన్నెప్పుడు కోస్తరు పంతులమ్మా?"

దీనికి నేను సిద్ధంగా లేను. నా పుండు చూపించాను, దాన్ని చూసే ఆమె భయపడి వచ్చింది. ఆమె లెక్కలో నేను కూడా కోయించుకుని, ఆమెలాగే ఇంటికి పోవాల్సినదాన్నే. ఇంకొక్క అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది, ఈస్టరయ్యాక అని. ఎంత తేలికో.

"నన్ను కొయ్యరు గంగమ్మా. నాది దాటిపోయింది" అన్నాను.

నీకు రాశానే గాని, ఆ మాట నోటితో అనడం అదే మొదలు. మా ఆయనకు కూడా పుండు చూపించానే తప్ప దాటిపోయిందని చెప్పలేదు, ఆయన అడగలేదు. అన్నాక నా చెవులకే కొత్తగా వినపడింది, వేరే ఎవరి గురించో చెప్పినట్టు. గంగమ్మ ఏడుస్తుందేమో, ప్రార్థన చేద్దామంటుందేమో అని భయపడ్డాను.

"మరి నొస్తే ఎవలికి చెప్తున్నవు?" అని అడిగింది.

ఎవరికీ చెప్పడం లేదన్నాను. ఆ పిల్ల కట్టు కట్టిన వైపు కదల్చలేక, మెల్లగా మోకాళ్లు ముడుచుకుని మంచం మీద నాకు చోటు చేసింది. ఈడ కూసోని నాకు చెప్పు అంది.

కూర్చున్నాను. చెప్పాను ఎలీషమ్మా. పొద్దున లేవగానే ఎక్కడ మొదలవుతుందో, వెన్నులోకి ఎలా దిగుతుందో, బడిలో చెయ్యెత్తినప్పుడు ఏమవుతుందో, చచ్చిపోవాలంటే నాకెంత భయంగా ఉందో, అన్నీ చెప్పాను. నర్సు వచ్చి ఇక చాలు బయటికి పొమ్మనేదాకా చెబుతూనే ఉన్నాను.

చాలా నొప్పిగా ఉన్న,
నీ కృపమ్మ