అక్క చావుకి కారణం

మార్చి 3
అక్క పోయింది. నిన్న మధ్యాహ్నం. యాభై రెండేళ్లు.

మార్చి 7
హాస్పిటల్ నుంచి డెత్ సర్టిఫికెట్ తెచ్చాను. కారణం అన్నచోట డ్యూటీ డాక్టరు "గుండె ఆగి మరణం" అని రాశాడు. ఎవరికి ఆగదు గనక!

మా ఆఫీసులో ఇలాంటిదాన్ని చెత్త కోడ్ అంటాం. ఏ దేశంలో ఎంతమంది దేనితో పోతున్నారో లెక్కగట్టడమే మా పని. కారణం తేలని చావుల్ని, ఆ వయసువాళ్లు మామూలుగా వేటితో పోతారో చూసి, ఆ జబ్బులన్నిటికీ పాళ్లు వేసి పంచేస్తాం. ఆ పంపకం సూత్రం రాసింది నేనే. దానికి ప్రైజు కూడా ఇచ్చారు. డాక్టర్లు చేతులు దులుపుకున్నచోట మనం చీపురు పట్టాలని, కొత్తగా చేరినవాళ్ల దగ్గర జోకు వేసేదాన్ని. బాగానే నవ్వేవారు.

మార్చి 8
డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. తెచ్చేసరికే ప్రాణం లేదు, టెస్టులేవీ చెయ్యలేదు, చూడనిది ఎలా రాస్తాను మేడమ్ అన్నాడు. నిజమే. అయినా నా కోపం చల్లారలేదు.

మార్చి 11
అమ్మ తిండి మానేసింది. ఈరోజు నోరు విప్పింది. ఆ పొద్దున అక్క, భుజం లాగుతోందమ్మా, ఒకటే చెమటలు అందట. గ్యాస్ అయ్యుంటుందిలే, వేడినీళ్లు తాగి కాసేపు పడుకోవే అని అమ్మే పంపిందట. పడుకున్నది లేవలేదు.

నా బిడ్డని నేనే చంపుకున్నానా, లోకంలో చావులన్నీ లెక్కపెడతావు కదే, అది దేనితో పోయిందో చెప్పు అని నా చెయ్యి పట్టుకుంది. రిపోర్టు రావాలమ్మా అని తప్పించుకున్నాను. ఏ రిపోర్టూ రాదు. భుజం, చెమటలు అంటే ఏమిటో నాకు తెలుసు.

మార్చి 12
ఏడ్చాను. బాత్రూంలో, కుళాయి తిప్పి.

మార్చి 14, ఉదయం 11
ఆఫీసు. అక్క వయసు, ఆడమనిషి, ఆ కోడ్. కంప్యూటర్లో ఒక్క వరస కొట్టి, నా పంపకం సూత్రంతో పనిచేసే మోడల్ నడిపాను. రెండు సెకన్లలో అక్క తొమ్మిది ముక్కలైంది. గుండెపోటుకి నూటికి నలభై ఆరు పాళ్లు. అక్కణ్ణుంచి కిందికి, కిందికి. అడుగున మెదడులో నరం చిట్లడానికి మూడు. ఇలాంటి టేబుల్స్ వేలు చూశాను. ఏ వరసలోనూ ఒక మనిషి ఉందనుకోలేదు. సిగ్గేసింది. పక్క సీటాయన టీకి పిలిచాడు, రానన్నాను.

మార్చి 14, సాయంత్రం
రిపోర్టు వచ్చిందమ్మా అన్నాను. మెదడులో నరం చిట్లిందట, పక్కన డాక్టరున్నా ఏమీ చెయ్యలేకపోయేవాడట.
ఖచ్చితంగానా అంది.
నూటికి నూరు పాళ్లూ అన్నాను.
నాలుగు ముద్దలు తిన్నది.