వార్డులో పంతొమ్మిది రోజులు

హెర్న్‌డన్, అమెరికా, మంగళవారం

అన్నయ్యా,

నీ ఆఫీసు ఈమెయిల్ నీ స్టాఫ్ చూస్తారు. అందుకే దీన్ని నీ పాత సొంత ఐడీకి, తెలుగులో రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ల రిపోర్టింగ్‌లో నేను తప్పని పద్ధతి ఒకటుంది. ఒక మనిషికి నష్టం చేసే విషయం అచ్చులోకి వెళ్లేముందు ఆ మనిషికి చెప్పాలి, జవాబుకు గడువివ్వాలి. ఇక్కడి షెరీఫ్‌కి ఇచ్చాను, సెనేటర్లకి ఇచ్చాను. నీకూ ఇస్తున్నాను. శుక్రవారం సాయంత్రం ఐదు, మా టైమ్.

నిన్న లండన్ నుంచి స్మృతి అనే రిపోర్టర్ ఫోన్ చేసింది. తెలుగమ్మాయే, అక్కడే పుట్టిందట.

"గిరిజ ఆంటీ... సారీ, ఆంటీ అనేశాను."

"ఫర్వాలేదు. ఆన్ రికార్డా, ఆఫ్ రికార్డా, ముందది చెప్పు," అన్నాను.

"అది మీరే చెప్పాలి. ఈసారి మీరు సోర్స్ కదా."

అమ్మ మరణ రికార్డు ఆమె తీయించింది. అందులో ఆస్పత్రి పేరుంది. "మీ బ్రదర్‌ని అడిగితే లాస్ట్ మినిట్‌లో తీసుకెళ్లాం అంటారు. ఎన్ని రోజులున్నారో మీకు తెలుసు. అది కన్ఫర్మ్ చేస్తే చాలు," అంది.

మొన్న ఆదివారం టీవీలో నువ్వన్న మాట నా ముందుంది. "మా అమ్మ ఈ దేశపు ఆస్పత్రి మంచం మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు." ముసలి తల్లిదండ్రులను ఇంగ్లండ్‌కు తెచ్చుకునేవాళ్లు అక్కడివాళ్ల మంచాలు ఆక్రమిస్తున్నారని చెప్పడానికి ఆ మాట వాడుకున్నావు.

నీ రాజకీయ జీవితం నా దగ్గర తేదీలతో సహా ఉంది. 2014లో కౌన్సిలర్‌వి అయ్యావు. 2017 మేలో పార్లమెంటు ప్రచారంలో నువ్వన్న వాక్యంతో దేశమంతటికీ తెలిశావు: "మన పెద్దవాళ్లు చివరి రోజుల్లో పరాయి దేశపు నర్సుల చేతుల్లో ఎందుకు పోవాలి?" గెలిచావు. 2019లో విదేశీ విద్యార్థుల గురించి అన్నదానికి క్షమాపణ చెప్పావు, వారం తిరక్కుండా అదే మాట మళ్లీ అన్నావు. 2022లో ఇంకో మాటకు సహాయమంత్రి పదవి పోయింది, ఎనిమిది నెలలకు తిరిగొచ్చింది. ఇన్నేళ్లలో నేను నిన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. మా అనన్య అంటుంది: "ఊళ్లో అందర్నీ క్వశ్చన్ చేస్తావు. మామయ్యని మాత్రం అడగవు కదమ్మా."

అడగకపోవడానికి కారణం ఉంది. అమ్మ ఆ ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులుంది. చివరి ఎనిమిది రోజులు నేనూ ఉన్నాను. ఘనా నుంచి వచ్చిన అబెనా అనే నర్సు అమ్మకి జావ తాగించేది, జడ వేసేది. అమ్మ పోయిన రోజు వరండాలో నువ్వు అన్నావు, "ఎలక్షన్ అయ్యేదాకా, గిరిజా. ఇంట్లోనే పోయిందని చెబుదాం." నేను సరే అన్నాను. పెద్దమ్మకీ బాబాయికీ ఫోన్లు చేసింది నేనే. "ఇంట్లోనే, నిద్రలో," అన్నాను. ఎలక్షన్ అయిపోయింది. తొమ్మిదేళ్లయినా దిద్దుకోలేదు. ఇంకొకరి అబద్ధాలు రుజువు చేసి అవార్డులు తీసుకున్నప్పుడు ఇది గుర్తొచ్చేది. చప్పట్లు ఆగగానే కిందికి దిగిపోయేదాన్ని.

ఇంకో సంగతి. స్మృతి అబెనాను కూడా పట్టుకుంది. "పేషెంట్ల గురించి మాట్లాడను," అని ఫోన్ పెట్టేసిందట. నువ్వెవరో తెలిసి కూడా.

శుక్రవారం లోపు నువ్వే నిజం చెబితే నేను చెప్పాల్సింది ఉండదు. లేకపోతే రోజుల సంఖ్య చెబుతాను, నా పేరుతో. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోవచ్చు. నాకు పుట్టింటి తరఫున మిగిలింది నువ్వొక్కడివే, అది తెలిసే రాస్తున్నాను. పైన రాసినవాటిలో తప్పుంటే దిద్దు.

నీ చెల్లెలు
గిరిజ


బుధవారం

గిరిజా,

మా ప్రెస్ ఆఫీసర్‌కి ఏదో ఉత్తరం వచ్చిందని మాత్రం చెప్పాను. "డోంట్ రిప్లై," అన్నాడు. రిప్లై ఇస్తున్నాను.

నువ్వు రాసినవాటిలో తప్పు లేదు. ఒక సంగతి మాత్రం అందులో లేదు, అంతే. అది నీకు తెలియదు.

పరాయి నర్సుల మాట నేనన్నది అమ్మ ఆస్పత్రిలో చేరిన పదకొండో రోజు. మధ్యాహ్నం వార్డు టీవీలో వచ్చింది. నన్ను చూసి అమ్మ సంబరపడిందట. ఏమంటున్నాడని పక్క మంచం గుజరాతీ ఆవిడని అడిగింది. ఆవిడ హిందీలో చెప్పింది. నాగ్‌పూర్‌లో ఉన్నన్నాళ్లూ నేర్చుకున్న హిందీ అమ్మకి ఆ రోజు పనికొచ్చింది. అప్పుడు అబెనా అక్కడే ఉంది, చేతిలో జావ గిన్నెతో.

సాయంత్రం నేను వెళ్లేసరికి అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. "ఆ పిల్ల అంతా విన్నదిరా. విని కూడా స్పూను నా నోటికి అందించింది," అంది. అబెనా మంచం దగ్గరికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నాకు ఇంగ్లీషు రాదు. మా వాడు అన్నదానికి నేను సిగ్గుపడుతున్నాను, క్షమించమ్మా అని చెప్పు. నువ్వే చెప్పు," అంది.

పోలింగ్‌ దగ్గరపడింది. ఆ వార్డులో పన్నెండు మంచాలు, అందరూ వింటున్నారు. నేను అబెనాతో ఇంగ్లీషులో, "దిండు కాస్త ఎత్తు చెయ్యమంటోంది," అన్నాను.

ఆమె నవ్వి, దిండు ఎత్తు చేసి, అమ్మ నుదుటి మీద జుట్టు సర్దింది. అమ్మ ఆ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. నావైపు తిరిగి, "క్షమించిందిరా," అంది. చాలా రోజుల తర్వాత ఆ రోజే పూర్తిగా అన్నం తింది. నువ్వు మర్నాడు వచ్చావు. అమ్మ తేలికపడిందని నువ్వే నాతో అన్నావు.

స్మృతికి పంతొమ్మిది రోజులని చెప్పు. ఇదీ చెప్పు, ఆన్ రికార్డ్. శుక్రవారం దాకా ఆగక్కర్లేదు. కానీ పేపర్లో రాకముందు అబెనాకి నా నోటినుంచి తెలియాలి. ఆమె నంబరు స్మృతిని అడిగి పంపు. నాతో మాట్లాడనంటే అది ఆమె ఇష్టం. ఇన్నేళ్లు ఇంగ్లీషులో మాట్లాడే బతికాను. అమ్మ చెప్పమన్న ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో పొద్దుటినుంచి కూర్చుని ఆలోచిస్తున్నాను. రావడం లేదు.

అన్నయ్య
గౌరీశంకర్