టార్పాలిన్ మీద నిలవని నీళ్లు

మంగళవారం, రాత్రి

పోయిన వారం కోళ్ల పాక మీద కప్పిన టార్పాలిన్‌లో వాన నీళ్లు నిలిచి, ఆ బరువుకు అది చిరిగి కోళ్ల మీద పడింది. రెండు కోడిపిల్లలు చచ్చిపోయాయి. అప్పటినుంచి అత్తమ్మ మిగతా కోళ్లను అమ్మేయమనే అంటోంది.

పొద్దున పక్కింటి సరోజక్క వచ్చి చూసింది. "నడిమధ్యన ఎత్తుగా వెదురు కట్టు పాపా. నీళ్లు యాడ నిలుస్తాయో చూద్దాం" అంది. ఇద్దరం వెదురు కట్టి, కొత్త టార్పాలిన్‌ను రెండు వైపులా వాలుగా బిగించాం.

సాయంత్రం కోసపాళయం వీధులు మునిగేంత వాన కురిసింది. నీళ్లు చుక్క నిలవకుండా జారిపోయాయి. తుపాను గాలికి ఆ వెదురు ఆగుతుందో లేదో... రేపు ఇంకో రెండు తాళ్లు కట్టాలి.

అత్తమ్మ గొడుగు పట్టుకుని వచ్చి, పొదుగుతున్న పెట్టను చాలాసేపు చూసింది.

"ఏందే, దాని కింద ఎన్ని గుడ్లు పెట్టినావు?"

"పదకొండు అత్తా."

"అయితే పిల్లలను మూసేదానికి పెద్ద గంప కావాల్నే!" అంది.